ముందు జిరాక్స్ షాపు చూడండి: ఏ పేపర్‌లెస్ ప్రాజెక్టు చేపట్టాలి, ఏది పక్కన పెట్టాలి

హనుమకొండలో ఏ పెద్ద ఆఫీసు ముందైనా ఉదయం పదిన్నరకు నిలబడి చూడండి. లోపల ఫ్యాన్లు తిరుగుతుంటాయి, సీట్లు సగం ఖాళీగా ఉంటాయి. రోడ్డవతల జిరాక్స్ షాపులో మాత్రం అప్పటికే పది మంది లైన్లో ఉంటారు. ఆధార్ రెండు వైపులా, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, రేషన్ కార్డు, పెళ్లి పత్రిక. "రెండు సెట్లు తియ్యన్నా." ఆ ఆఫీసులో కాగితం నిజంగా తగ్గిందా అని తెలుసుకోవడానికి నాకు ఇంతకంటే నమ్మకమైన కొలత దొరకలేదు. లోపల ఏ4 బండిళ్ల ఇండెంట్ తగ్గి, బయట జిరాక్స్ షాపు రెండో మిషను కొన్నదంటే కాగితం తగ్గినట్టు కాదు. ఖర్చు ఆఫీసు జేబులోంచి జనం జేబులోకి మారినట్టు.

సర్వీసులో చాలా ఏళ్లు ఫైళ్ల మధ్యే గడిపాను కాబట్టి ఈ మధ్య తెలిసిన సూపరింటెండెంట్లు, పంచాయతీ కార్యదర్శులు, ఒకరిద్దరు కార్పొరేటర్లు ఇదే అడుగుతున్నారు. "సార్, కాగితం తగ్గించే పనికి ఈ ఏడాది కొంచెం డబ్బు పెట్టొచ్చు. దేనికి పెడదాం? ఫైళ్లు కంప్యూటర్లోనే నడిపే ఈ-ఆఫీసుకా, రికార్డు రూము స్కానింగుకా, మీటింగులకు ట్యాబ్‌లకా, దరఖాస్తులు పూర్తిగా ఆన్‌లైన్ చేయడానికా?" ఫ్లెక్సీ మీద రాస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. దగ్గరికెళ్లి చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు.

నేను ఏ ప్రాజెక్టునైనా మూడు ప్రశ్నలతో తూకం వేస్తాను. ఈ కాగితం అడుగుతున్నది ఎవరు, అందులో ఉన్న సంగతి ఆ ఆఫీసుకు ఇదివరకే తెలుసా? కాగితం పోతే మనిషి తిరిగే తిరుగుడు కూడా పోతుందా? రేపు తగాదా వస్తే పేదవాడి చేతిలో ఏం మిగులుతుంది? మూడో ప్రశ్న చాలామంది మర్చిపోతారు. మన వైపు భూముల గొడవలు చూసినవాళ్లు మర్చిపోకూడదు.

పేపర్‌లెస్ అనే మాట మనకు కొత్తదేం కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు 1998లోనే వచ్చాయి. మీసేవ 2011లో మొదలైంది. అంటే పాతికేళ్లకు పైగా కాగితాన్ని తగ్గిస్తూనే ఉన్నాం. కాగితం పేరే ఊరి పేరైన కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతబడి 2018లో మళ్లీ తెరుచుకుంది. మూతబడ్డ ఆ నాలుగేళ్లలో మన ఆఫీసుల్లో ఒక్క రోజు కూడా కాగితం కొరత రాలేదని మాత్రం గుర్తుంది.

మొదటి పోటు హార్డ్ కాపీ మీద పడాలి

డబ్బు తక్కువగా ఉండి ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయండి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు తీసుకున్నాక మళ్లీ హార్డ్ కాపీ అడగడం ఆపేయండి.

ఒక తహసీల్ ఆఫీసులో నేను కళ్లారా చూసింది చెబుతాను. ఒక పెద్దావిడ, బిడ్డ పెళ్లికి ప్రభుత్వమిచ్చే కల్యాణలక్ష్మి సాయం పని మీద వచ్చింది. కవరు నిండా కాగితాలు. గుమస్తా ఒక్కొక్కటీ తిప్పి చూసి, "ఇన్‌కం సర్టిఫికెట్ జిరాక్స్ ఇంకోటి గావాలె" అన్నాడు.

"మీసేవల అన్ని ఎక్కిచ్చిన గద సారూ, మళ్ల కాయితమెందుకు?"

"ఆన్‌లైన్‌ల ఉన్నా మాకు ఫైలుండాలె అవ్వా. గాడ రోడ్డు మీద తీస్తరు, పొయ్యి తీసుకరా పో."

ఆమె కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టుకుంటూ బయటికి పోయింది. ఆ ఇన్‌కం సర్టిఫికెట్ ఇచ్చింది ఎవరనుకున్నారు? అదే ఆఫీసు. పక్క గదిలో కూర్చున్న తహసీల్దారు డిజిటల్ సంతకంతో నెల కింద జారీ అయింది. దాని మీద నంబరు ఉంది. ఆ నంబరు కొడితే గుమస్తా ముందున్న కంప్యూటర్లోనే కనిపిస్తుంది. తాను ఇచ్చిన కాగితాన్ని తానే మళ్లీ అడుగుతున్నాడు, అదీ రెండు సెట్లు.

దీని ఖర్చు ఒకసారి వేసి చూద్దాం. అంకెలు ఊరికే ఉదాహరణకు పెడుతున్నాను, మీ మండలం అంకెలు మీరు వేసుకోండి. ఒక దరఖాస్తుకు 12 పేజీలు, రెండు సెట్లు, అంటే 24. మండలంలో ఏడాదికి 300 దరఖాస్తులు అనుకుంటే 7,200 పేజీలు. బండిల్‌కు 500 పేజీల లెక్కన పద్నాలుగున్నర బండిళ్లు కూడా కావు. తూకం వేస్తే 36 కిలోలు. జిరాక్స్ పేజీకి 2 రూపాయల చొప్పున జనం పెట్టేది 14,400 రూపాయలు. ఇంతవరకు చూస్తే దీనికి ఇంత గోల ఎందుకు అనిపిస్తుంది. కానీ ఒక్కో ఇంటివాళ్లు ఈ కాగితాల కోసమే మూడుసార్లు వచ్చారనుకోండి. వచ్చిన రోజల్లా కూలి పోతుంది. రోజుకు 500 వేసుకున్నా మూడు రోజులకు 1,500, మొత్తం 300 ఇళ్లకు 4 లక్షల 50 వేలు. కాగితం ఖర్చు పద్నాలుగు వేలు, తిరుగుడు ఖర్చు నాలుగున్నర లక్షలు. ఇక ప్రాజెక్టును దేనితో కొలవాలో మీరే చెప్పండి.

అందుకే ప్రతిపాదనలో "ఏడాదికి ఇన్ని చెట్లు కాపాడతాం" అని రాసుకొచ్చేవాళ్లను నేను అంతగా నమ్మను. చెట్ల లెక్క వేయడం తేలిక. తిరుగుడు లెక్క వేయాలంటే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని వచ్చినవాళ్లను అడగాలి.

ఈ పనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కావాల్సింది రెండే. సర్టిఫికెట్ నంబరు కొట్టి చూసుకునే లాగిన్ గుమస్తాకు ఉండాలి. హార్డ్ కాపీ తీసుకోవద్దని పైనుంచి రాతపూర్వకంగా ఆర్డరు ఉండాలి. చట్టం అడ్డు అనుకుంటారేమో, అదీ కాదు. 2000 నాటి ఐటీ చట్టమే ఎలక్ట్రానిక్ రికార్డుకూ, డిజిటల్ సంతకానికీ గుర్తింపు ఇచ్చింది. డిజిలాకర్‌లోకి జారీ చేసిన సంస్థ నుంచే వచ్చిన పత్రం అసలు పత్రంతో సమానమని నిబంధనలే చెబుతున్నాయి. జనం తమ ఫోన్లో చూపించినా చెల్లాలి.

మరి ఎక్కడ ఆగుతుంది? ఆడిట్ దగ్గర. "రేపు ఆడిట్ వాళ్లు అడిగితే ఏం చూపించాలె?" అన్న ఒక్క భయం మీద మన ఆఫీసుల్లో సగం కాగితం బతుకుతోంది. గుమస్తాను తప్పుపట్టలేం. అబ్జెక్షన్ రాస్తే రిటైరయ్యేదాకా వెంటాడేది అతన్నే. కాబట్టి ఈ ప్రాజెక్టు మొదలుపెట్టే ముందే ఆడిట్ విభాగంతో కూర్చోండి. స్క్రీన్ మీద చూసుకుంటాం, లేదా సర్టిఫికెట్ నంబర్ల జాబితా చాలు అని వాళ్ల నుంచి ఒక లెటరు తెచ్చుకోండి. ఆ ఒక్క లెటరుకు పది కంప్యూటర్ల విలువ.

ఇంకో మెట్టు పైకి పోతే, అడగడమే మానేసిన పనులు కొన్ని ఉన్నాయి. ఇళ్ల పర్మిషన్లే తీసుకోండి. 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక 75 గజాల లోపు జాగాలో ఇల్లు కట్టుకునేవాళ్లు రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు, పర్మిషన్ అక్కర్లేదు. 500 చదరపు మీటర్ల దాకా సొంత ధ్రువీకరణ మీదే పర్మిషన్ వస్తుంది. ఫారాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడం ఒక ఎత్తు, ఆ ఫారమే అక్కర్లేదనడం ఇంకో ఎత్తు. మీ శాఖలో అలా ఎత్తేయగలిగిన ఫారం ఒక్కటైనా ఉంటుంది. ముందు దాన్ని వెతకండి.

చెక్కు, ఖాతా

ఈ తేడా ఉత్తర తెలంగాణ రైతుకు బాగా తెలుసు. పంటకు పెట్టుబడి సాయమిచ్చే రైతుబంధు 2018 మే 10న హుజూరాబాద్ దగ్గరి శాలపల్లి-ఇందిరానగర్‌లో మొదలైంది. ఎకరానికి 4,000 చొప్పున చెక్కులు అచ్చు వేసి ఊరూరా పంచారు. చెక్కు తీసుకోవడానికి ఒక రోజు, బ్యాంకులో లైను కట్టడానికి ఇంకో రోజు. తర్వాతి సీజను నుంచి డబ్బు నేరుగా ఖాతాలో పడింది. చెక్కుతోపాటు ఆ రెండు రోజులు కూడా పోయాయి. కాగితం తగ్గించడమంటే నాకు ఇదే గుర్తొస్తుంది, పేపర్‌లెస్ అనే పేరు పెట్టకుండానే జరిగిపోయిన పని.

కల్యాణలక్ష్మి చెక్కు మాత్రం ఇప్పటికీ ఎమ్మెల్యే చేతుల మీదుగానే అందుతోంది. కారణం అందరికీ తెలిసిందే, ఫొటో. దాన్ని మార్చమని ఏ సూపరింటెండెంటుకూ సలహా ఇవ్వను, అది ఆయన చేతిలో లేదు. ఎంపిక సలహాలో ఇదీ ఒక భాగమే. మీ సంతకంతో అయ్యే పనికే పూనుకోండి.

ఈ-ఆఫీసు: మొత్తం వరుస ఎక్కితేనే

కలెక్టరేట్ స్థాయి ఆఫీసుకు ఈ-ఆఫీసు మంచిదే. దాన్ని తయారుచేసింది కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ. టపాల్ వచ్చిన వెంటనే స్కాన్ అయి నంబరు పడుతుంది. ఫైలు ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా ఉందో కనిపిస్తుంది. పసుపు నోట్‌లో రాసింది దిద్దుకోవచ్చు, ఆకుపచ్చ నోట్‌గా మారాక దిద్దలేం. పాతకాలం నోట్‌ఫైల్లో పేజీ చింపి కొత్త పేజీ కుట్టే విద్య ఇక్కడ చెల్లదు. నా దృష్టిలో దీని అసలు లాభం కాగితం కాదు, ఇదే. "ఫైలు దొరకట్లేదు" అనే మాట ఇక పనిచేయదు.

కానీ వరుసలో ఒక్కరు ఎక్కకపోయినా కథ తిరగబడుతుంది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో పెద్దసారుకు స్క్రీన్ మీద చదవడం అలవాటు లేదు. సీనియర్ అసిస్టెంట్ ఫైలు పుటప్ చేస్తాడు. సీసీ, అంటే సారు క్యాంపు క్లర్కు, దాన్ని ప్రింటు తీసి సారు టేబులు మీద పెడతాడు. సారు ఎర్ర పెన్నుతో దిద్దుతారు. దాన్ని మళ్లీ టైపు చేసి ఇంకో ప్రింటు తీస్తారు, సారు చూసి ఊ అంటారు. అప్పుడు సీసీ సారు లాగిన్‌తో లోపలికి పోయి అప్రూవ్ నొక్కుతాడు. చివర్లో "ఒక కాపీ ఉంచుకో, ఎందుకైనా మంచిది." ఒకే ఫైలుకు మూడు ప్రింట్లు, పాత పద్ధతిలో ఒకటే ఉండేది. పైగా సారు పాస్‌వర్డు సీసీ డైరీ అట్ట మీద రాసి ఉండేది. ఆ డైరీ నేను చూశాను.

కాబట్టి ఈ-ఆఫీసు తీసుకునే ముందు ఒక్క విషయం తేల్చుకోండి. చివరి సంతకం పెట్టే మనిషి తన చేత్తో తాను నొక్కుతాడా? నొక్కుతానంటే ముందుకు పోండి. లేదంటే ఆయన బదిలీ అయ్యేదాకా ఆగండి, వెటకారం కాదు. నలుగురు స్టాఫ్ ఉన్న మండల ఆఫీసుకైతే నేను వద్దనే చెబుతాను. అక్కడ ఫైలు ఒక టేబులు నుంచి పక్క టేబులుకు పోతుంది, అంతే. ఏటూరునాగారం, తాడ్వాయి లాంటి ఏజెన్సీ మండలాల్లో నెట్ సంగతి అక్కడ పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. డిజిటల్ సంతకం డాంగిల్ గడువు అయిపోయినా, అధికారి బదిలీ అయి కొత్తాయన పేరుతో కీ ఇంకా రాకపోయినా పని మొత్తం ఆగిపోతుంది. ఆ మధ్య రోజుల్లో ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోవాలి.

రికార్డు రూము: పేరు మార్చండి, పని చేయండి

స్కానింగ్ ప్రాజెక్టులను కాగితం తగ్గించే పద్దులో రాయడం నాకు నచ్చదు. పాత రికార్డు స్కాన్ చేస్తే ఒక్క కాగితం కూడా తగ్గదు. అది కాపాడే పని, దాన్ని వేరే తూకంతో తూచాలి. అలా తూచితే మన ప్రాంతంలో దానికి మొదటి వరుసలోనే చోటు ఇవ్వాలి.

ఎందుకో చూడండి. 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వార్, ఫైసల్ పట్టీ, ఇవన్నీ పాత భూమి రికార్డులు. భూమి గొడవ ఏదైనా చివరికి వీటి దగ్గరికే వస్తుంది. 2020 అక్టోబరులో భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు, సాగు చేసేవాళ్ల పేరుండే అనుభవదారు గడి కనిపించకుండా పోయింది. దాంతో పొలం ఎవరు దున్నుతున్నారో చెప్పే సాక్ష్యం పాత పహాణీ నకలే అయింది. తర్వాత ధరణి పోయి 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. తెల్లకాగితం మీద కొనుక్కున్న సాదాబైనామా రైతులు ఇప్పటికీ ఆ ఒక్క కాగితాన్నే పట్టుకుని తిరుగుతున్నారు. స్టాంపు లేని ఆ తెల్లకాగితమే వాళ్లకు పొలం. రెండు పోర్టళ్లు మారినా అది మారలేదు. పేపర్‌లెస్ ఉత్సాహంలో ఉన్న అధికారికి ఈ ఒక్క సంగతి చెప్పగలిగితే చాలు, మూడో ప్రశ్న ఎందుకో అర్థమవుతుంది.

స్కానింగుకు పోయే ముందు ఏరివేత చేయండి. ఇది దాదాపు ఉచితం. రికార్డు రూములో ఎర్రగుడ్డ కట్టిన బస్తాలు సగం అక్కడ ఉండాల్సినవే కావు. ఫైలు మీద ఆర్‌డిస్ అని ఉంటే శాశ్వతంగా ఉంచాలి, డీడిస్ అంటే పదేళ్లు, ఎల్‌డిస్ ఇంకా తొందరగా పోయేది. ఆఫీసు మాన్యువల్ ఎప్పుడో చెప్పిన సంగతే. కానీ తీసేసే జాబితా మీద సంతకం పెట్టడానికి ఎవరికీ ధైర్యం రాదు, అందుకని పాత క్యాజువల్ లీవు లెటర్లు కూడా సేత్వార్ పక్కనే చెదలు పట్టించుకుంటూ ఉంటాయి. ఏరకుండా స్కానింగ్ కాంట్రాక్టు ఇస్తే పేజీకి ఇంత అని బిల్లు కట్టి ఆ లీవు లెటర్లను కూడా స్కాన్ చేయించుకుంటారు. ఒకచోట అదే జరిగింది. కాంట్రాక్టరుకు పేజీల లెక్కే కావాలి, ఏ పేజీ అన్నది ఆయనకెందుకు?

ఇంకోటి, సూచిక. స్కాన్ చేసి హార్డ్ డిస్క్‌లో పడేస్తే అది గోడౌన్ మారినట్టే. ఊరు, సర్వే నంబరు, సంవత్సరం కొడితే బొమ్మ రావాలి. పాత రికార్డు ఉర్దూలో ఉంటుంది, అదీ గొలుసుకట్టు రాతలో. దాన్ని గడగడా చదివేవాళ్లు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు. వాళ్లు ఉండగానే సూచిక రాయించుకోవాలి. కెమెరాలు పదేళ్ల తర్వాత ఇంకా మంచివి వస్తాయి, చదివేవాళ్లు రారు. డబ్బు తక్కువ పడితే స్కానింగ్ ఆపి సూచిక చేయించండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను రికార్డులకు సూచిక పెట్టమని మొదటి మాటగానే చెప్పింది. అది ఉంటే ఆర్‌టీఐ దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబివ్వడం పెద్ద టెన్షన్ కాదు.

స్కాన్ అయ్యాక అసలు కాగితాన్ని కాల్చొద్దు. కోర్టులో స్కాన్ కాపీ చూపాలంటే దానికి వేరే సర్టిఫికెట్ జతచేయాలి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను సంగతి అది. అసలు కాగితం ఉంటే ఆ తంటా లేదు. అలాగని ఒక్క కాగితం మీదే భారం వేయడం కూడా ప్రమాదమే. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు మొత్తం నీట మునిగి జనం ఇళ్ల కప్పులెక్కారు. అలాంటి రోజు ఇంట్లో పెట్టెలో ఉన్న పాస్‌పుస్తకం, పదో తరగతి మెమో ఏమవుతాయో వేరే చెప్పాలా? రెండో కాపీ ఎక్కడో ఒకచోట ఉండాలి.

చిన్న చీటీలు

ఆడవాళ్లకు ఉచిత బస్సు 2023 డిసెంబరు 9న మొదలైంది. ఎక్కిన ప్రతి ఆడమనిషికీ కండక్టరు జీరో టికెట్ కొడతాడు. 2025 జులై నాటికి అలాంటి ప్రయాణాలు 200 కోట్లు దాటాయి. టికెట్టు పది సెంటీమీటర్లు అనుకుంటే ఆ చీటీల పొడవు 2 లక్షల కిలోమీటర్లు, భూమి చుట్టూ ఐదుసార్లు చుట్టొచ్చు. చాలావరకు హన్మకొండ బస్‌స్టేషన్ దిగకముందే కిటికీలోంచి పోతుంది. "పైసల్ లేని టికెట్టుకు కాయితం దేనికి?" అని అందరూ అడుగుతారు. ఆర్టీసీకి ప్రభుత్వం నుంచి డబ్బు రావాల్సింది ఆ లెక్క మీదే. కాబట్టి చీటీ ఊరికే ఆపలేం, లెక్క వచ్చే వేరే దారి ముందు కావాలి. ఆనించితే చాలు అనే కార్డు ఆ దారి. ఈ మొత్తం జాబితాలో కాగితం బరువు లెక్కన నిజంగా పెద్ద పొదుపు ఇక్కడే ఉంది, పైగా ప్రయాణికురాలికి ఆ చీటీతో తర్వాత పనేం లేదు. మూడో ప్రశ్న ఇక్కడ అడ్డురాదు. ఎత్తేయాలి.

కరెంటు బిల్లు చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ వేరు. ఎన్‌పీడీసీఎల్ మీటరు రీడరు ఇంటి ముందు కొట్టిచ్చే ఆ సన్న చీటీ చాలా ఇళ్లలో అడ్రసు రుజువు. 2024 మార్చి నుంచి ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చేవాళ్లు దాన్ని ఇంకా జాగ్రత్తగా దాచుకుంటున్నారు. ఎస్‌ఎంఎస్ చాలు, చీటీ వద్దు అని అడిగి మరీ చెప్పినవాళ్లకు ఆపండి, మిగతావాళ్లకు ఇవ్వండి. ఇంకో చిక్కు ఉంది. ఆ థర్మల్ కాగితం మీది అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. అందుకే దాన్ని కూడా జిరాక్స్ తీయించుకుంటారు! చూశారా, మళ్లీ అదే షాపు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ, దాని సంగతి ఇంకా తేలిక. ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్ 2016లో వచ్చినా, లోపల తూకం, ధర అన్నీ కంప్యూటర్లోకి ఎక్కినా, మిర్చి బస్తాలు దించిన రైతు చేతికి తక్‌పట్టీ కాగితం అందాలి. ధర ఎంత పడింది, హమాలీ ఎంత, చేతికి ఎంత అనేది అతను ఇంటికెళ్లి కొడుక్కు చూపిస్తాడు. దాన్ని ముట్టుకోవద్దు. వడ్ల కొనుగోలు కేంద్రంలో రైతుకిచ్చే రశీదు కూడా అంతే. అక్కడ తగ్గించాల్సింది ఏదైనా ఉంటే కేంద్రానికీ మిల్లుకూ మధ్య తిరిగే ట్రక్ షీటు కాపీలు.

మిగతావి

సభ్యులకు ట్యాబ్‌లు ఇచ్చి ఎజెండా పుస్తకాలు ఆపడం. వరంగల్ కార్పొరేషన్‌లో డివిజన్లు 66, సర్వసభ్య సమావేశం ఎప్పుడో ఒకసారి. ట్యాబ్‌ల ఖర్చుతో పోలిస్తే మిగిలే కాగితం ఎంత? సభ్యులకు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి, అడిగినవాళ్లకు పుస్తకం ఇవ్వండి, అయిపోయింది. ఫ్లెక్సీకి బాగుంటుందని ట్యాబ్‌ల వైపు మొగ్గుతారు, మీరు మొగ్గకండి.

ప్రజావాణి కొంచెం ఆలోచించాలి. సోమవారం కలెక్టరేట్‌కు వచ్చే మనిషి అర్జీ రాయించుకుని వస్తాడు, ముద్ర పడ్డ కాపీ పట్టుకుని పోతాడు. ఆ ముద్రే అతని ధైర్యం. దాన్ని ఉంచండి. కౌంటరు దాటాక మాత్రం కాగితం కదలకూడదు. అక్కడే స్కాన్ చేసి సంబంధిత శాఖకు పంపితే జిరాక్స్‌ల మీద జిరాక్స్‌లు తీసి ఐదు ఆఫీసులకు కవర్లలో పంపే పని పోతుంది. తక్కువ ఖర్చు, వెంటనే ఫలితం. నా జాబితాలో ఇది హార్డ్ కాపీల తర్వాత రెండోది.

జనం నుంచి మూకుమ్మడిగా దరఖాస్తులు తీసుకునే కార్యక్రమాలతో జాగ్రత్త. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలనలో కోటీ 25 లక్షలకు పైగా దరఖాస్తులు కాగితం మీదే వచ్చాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడానికి పగలూ రాత్రీ ఆపరేటర్లు కూర్చున్నారు. ఏడాది తర్వాత 2025 జనవరి గ్రామసభల్లో రేషన్ కార్డుకు, ఇందిరమ్మ ఇంటికి మళ్లీ దరఖాస్తులు రాశారు. "మొన్ననే ఇచ్చిన గద" అని ఊళ్లో ఎవరడిగినా జవాబు లేదు. ఒకసారి తీసుకున్న సమాచారాన్ని రెండోసారి వాడుకునే ఏర్పాటు లేకపోతే దరఖాస్తు కాగితం మీద తీసుకున్నా, ఫోన్లో తీసుకున్నా తేడా ఏం లేదు.

ఆర్డరు ఎలా రాయాలి

ఏది ఎంచుకున్నా, పాత పద్ధతి ఆగే తేదీ లేకుండా కొత్త పద్ధతి మొదలుపెట్టకండి. "ప్రస్తుతానికి రెండూ నడిపిద్దాం" అన్న చోట రెండూ ఏళ్లకేళ్లు నడుస్తాయి, గుమస్తాకు పని రెట్టింపవుతుంది, కొత్తదాన్ని తిట్టుకుంటాడు. మూడు నెలలు రెండూ నడిపి, ఫలానా తేదీ తర్వాత ఇన్‌వర్డ్‌లో హార్డ్ కాపీ తీసుకోవద్దని మెమోలోనే రాయండి. ఆ మెమో కాపీ ఒకటి కౌంటరు పక్కన గోడకు అతికించండి, తెలుగులో, పెద్ద అక్షరాలతో. జనం దాన్ని వేలుపెట్టి చూపిస్తారు. గుమస్తా కూడా దాన్నే ఆడిట్ వాళ్లకు చూపిస్తాడు.

మొదలుపెట్టే ముందు ఒక వారం, ఆరు నెలల తర్వాత ఒక వారం జిరాక్స్ షాపతన్ని అడిగి రాసుకోండి. మీ ఆఫీసు పని మీద వచ్చినవాళ్లు రోజుకు ఎన్ని కాపీలు తీయించారో అతను ఉజ్జాయింపుగా చెప్పేస్తాడు, అతని పొట్టకూటి లెక్క అది. మా పాత ఆఫీసు ఎదుటి షాపతను ఈ మధ్య ఫొటో ఫ్రేములు, లామినేషన్ కూడా మొదలుపెట్టాడు. ఎందుకన్నా అంటే, "ఇన్‌కం సర్టిఫికెట్ జిరాక్సులు తగ్గినయ్ సార్" అన్నాడు.